చౌడెక్కిన తొట్టి

బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ ఓనరు భూపేష్ రెడ్డి ఇంటి హాలు. గోడ పొడుగునా ఉప్పునీళ్ళ గాజుతొట్టి, అందులో రంగురంగుల పగడాలు, నాలుగు చేపలు. పొద్దున పది గంటలు. తొట్టిని చూసుకునే ముసలి ఏసేపు, వేలెడంత సీసాలో తొట్టినీళ్ళు పట్టి అందులో పరీక్షమందు చుక్కలు వేస్తున్నాడు. రెడ్డి పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు.

“పది.”

“పది. ఇంగా నీలమే రెడ్డీ.”

“కండ్లుండాయి నాకు. వెయ్యి. పదకొండు.”

“పదకొండు.”

“సీసా ఊపు. రోంత రంగు తిరిగినట్టు లేదూ?”

“లేదు.”

“కిటికీ పక్క పట్టి చూడు.”

“కిటికీ కాడ కూడా నీలమే.”

“పన్నెండు వెయ్యి.”

“వేస్తి. నిన్న పన్నెండుకు తిరిగె.”

“నిన్నటి సంగతి నేనడిగినానా?”

“లేదు.”

“ఇంగోటి. ఆ, తిరిగె. పసుపొచ్చె. పదమూడు చుక్కలు, ఏసేపూ.”

“పదమూడు.”

“ఎన్నిటికి తిరగల్ల?”

“ఎనిమిదికి.”

“పది దినాల కింద ఎన్నిటికి తిరిగె?”

“ఎనిమిదికి.”

“ఇప్పుడు పదమూడు. దీన్ని ఆల్కలినిటీ అంటారు. ఎన్ని తూర్లు చెప్పినా నీకు?”

“శానా తూర్లు. చౌడు.”

“నేను చౌడు అనలే. క్షారం అంటి. చౌడన్నది నువ్వు.”

“నేలకెక్కితే చౌడే గదా. నీళ్ళకెక్కితే పేరు మారుతాదేమో, నాకు తెల్దు.”

“చౌడు నేలలో పైరు ఏమైతాది?”

“కొనలు మాడతాయి.”

“ఇటు చూడు. ఈ ఊదారంగు దాని కొనలు చూడు. తెల్లగా సున్నం కొట్టినట్టు అయిపాయ. మద్రాసు నుంచి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినా దీన్ని. రైల్లో పక్కనామె పసిబిడ్డేమో అనుకొని చేయి పెట్టి చూసె. మూడేండ్లు పట్టింది జానెడు పెరిగేదానికి. ఇప్పుడు పది దినాల్లో చచ్చేటట్టుండాది.”

“ఊ.”

“ఊ అనొద్దు. ఎందుకు పెరుగుతాండాది నంబరు? ఉప్పు మారిస్తిమి. రాళ్ళు తీసి కడిగితిమి. ఫిల్టరు నీళ్ళు పరీక్ష చేపిస్తి, నీళ్ళు బాగుండాయనిరి. మా ఇంటామె సుప్రజ ఈడ అగరబత్తీలు వెలిగిస్తాదని అవి మాన్పిస్తి. దానికి ఆమె నాతో రెండు దినాలు మాట్లాడలే.”

“వంట కూడా చేయలే.”

“నేనడిగినానా?”

“లేదు.”

“ఇంగ మిగిలింది ఒకటే. చెయ్యి. రోజూ ఆ ఇరవై లీటర్ల క్యానులో పగడాల మందు కలిపి తొట్లో పోసేది ఎవరు?”

“నేను.”

“ఎన్ని చెంచాలు?”

“మూడు.”

“గోపురం కట్టిన చెంచానా, గీసిన చెంచానా?”

“గీసిందే. చాకుతో గీస్తా.”

“తేట మాత్రమే పోస్తాండావా, అడుగున బురద కూడానా?”

“తేటే. బురద పోస్తే చేపలకు కండ్లు మండుతాయి.”

“మరి తప్పు యాడుండాది? చూడప్పా, నీ మీద నాకు కోపం లేదు. మనకు మందమ్మే పరమేష్ కర్నూలు నుంచి వస్తాండాడు. ఓర్వకల్లు దాటినా అని ఇప్పుడే ఫోను చేసె. వచ్చేటప్పుడు మిషను తెస్తాండాడు. అది గోడకు తగిలిస్తే చుక్క లెక్కన మందు అదే పోసుకుంటాది. నేను ఫోన్లో చూసుకుంటా. చెయ్యి తప్పేదుండదు.”

“మిషను పెడితే నేను?”

“నీకు పనేముంటాది ఇంగ. చేపలకు మేత కూడా అదే వేస్తాదంట.”

“బట్టీకి పోవల్ల మల్ల.”

“నీ రొమ్ముతోనా? నంద్యాల డాక్టరు ఇంగ సున్నపుబట్టీ పొగ తగిలితే మనిషివి దక్కవన్నాడని చెప్పి గదా నువ్వు ఈడ చేరింది. నలభై ఏండ్ల పొగ ఉండాదంట లోపల.”

“నీడపట్టు పని ఇంగోటి ఎవరిస్తారు రెడ్డీ నా మాదిరోనికి.”

“అందుకే అడుగుతాండా. తప్పు నీది కాదని తేలితే మిషను వాపసు పంపిస్తా. నిజం చెప్పు. మందు సరిగ్గా వేస్తాండావా?”

“మూడు చెంచాలు తప్పలే.”

“చెంచాల సంగతి కాదు. సరే, మందుడబ్బా ఇట్ల తే.”

“ఇదో.”

“మూత ఎవరు తీసి పెట్టిరి?”

“నువ్వే. పోయిన నెల స్నేహితులకు చూపిస్తివి. జర్మనీదని.”

“ఉండు. ఇదేందప్పా. ఈ స్టిక్కరులో జెండా బొమ్మ కాడికి ఉండె పొడి. నేను చూసినా. పది దినాలయ్యె. ఇప్పుడూ జెండా కాడికే ఉండాది.”

“ఊ.”

“రోజుకు మూడు చెంచాలు తీస్తే తగ్గల్ల గదా?”

“తగ్గల్ల.”

“తగ్గలే.”

“దాంట్లోంచి తీయలే.”

“దేంట్లోంచి తీస్తివి?”

“పొట్లంలోంచి.”

“ఏం పొట్లం?”

“సున్నం పొట్లం.”

“ఏసేపూ.”

“ఆ.”

“బట్టీ సున్నం తెచ్చి నా తొట్లో కలిపితివా?”

“కలిపితి.”

“గోడకు కొట్టే సున్నం?”

“గోడకు కొట్టేదానికి ఇంత తెల్లంది ఎవరూ కొనరు. తమలపాకులకు కొంటారు.”

“ఎన్నాళ్ళనుంచి?”

“పది దినాలు.”

“పది దినాలు నా పక్కన నిలబడి పూటపూటా చుక్కలు లెక్కపెడ్తివి. ఉప్పు మోసి తెస్తివి. రాళ్ళు తోమితివి. ఒక్క మాట చెప్పలే.”

“నువ్వు ఉప్పు ఏమైందంటివి, చెప్తి. రాళ్ళు కడగమంటివి, కడిగితి. పొడి ఏదని అడగలే.”

“అడగల్లనా అది? మందుండగా సున్నం వేస్తాడని ఎవరికన్నా తోస్తాదా?”

“అదీ సున్నమే గదా రెడ్డీ.”

“సున్నం కాదు. కాల్క్ అంటారు. పగడాలకని చేసింది.”

“నీళ్ళలో వేస్తే సున్నపుతేటైతాది. పగడం రాయి గదా. రాయి పెరగల్లంటే సున్నం తినల్ల. దాంట్లో వింతేముండాది. అయితే ఆ డబ్బాలోది చచ్చిపాయ.”

“పొడి చచ్చేదేందప్పా?”

“మూత తీసి పెడితే గాలి తగిలి చస్తాది. నాలిక కొస మీద పెట్టుకొని చూస్తి. చురుకు లేదు. సుద్దముక్క మాదిరి ఉండాది. మొదట్లో ఒక చెంచా వేయమంటివి. నంబరు నిలబడె. తర్వాత దిగుతాంటే రెండంటివి. మల్ల మూడంటివి.”

“పగడాలు పెరిగినాయి, ఎక్కువ తింటాండాయి అని పరమేషే చెప్పె.”

“తినేదానికి ఏముండాది దాంట్లో. ఉత్త బూడిద. చూసి చూసి మనసొప్పలే. బతికిన సున్నం తెచ్చి వేస్తి.”

“మంచిది. గొప్ప పని చేస్తివి. ఆ బతికిన సున్నమన్నా ఒక్క చెంచా వేయకూడదా?”

“నువ్వు మూడంటివి.”

“ఆ చచ్చినదానికి అంటి మూడు.”

“చచ్చిందని నీకు తెల్దు గదా. మూడు చెంచాలు వేయి, నీ తెలివి వాడొద్దు అంటివి. వాడలే.”

“పొట్లం మార్చేదానికి తెలివి వాడితివి గదా.”

“అది తెలివి కాదు. సున్నం చచ్చిందని తెలిసేదానికి తెలివెందుకు.”

“నీతో మాట్లాడేదానికంటే బండతో మాట్లాడేది మేలు. బండ ఎదురు చెప్పదు. అదో, కారొచ్చె. పరమేషే. ఇంగ నీ పంచాయితీ ఆయనే తీరుస్తాడు.”

కర్నూల్లో చేపల అంగడి నడిపే పరమేష్ ఒక చేతిలో మిషను పెట్టె, ఇంకో చేతిలో సంచీతో లోపలికొచ్చాడు.

“నమస్తే అన్నా. ఎంతుంది ఇప్పుడు?”

“పదమూడు. దొంగ దొరికినాడు పరమేషూ. ఇదో, మా ఏసేపు. నీ జర్మనీ మందు పక్కన పెట్టి, బట్టీ సున్నం వేస్తాండాడు పది దినాలుగా.”

“ఏం వేస్తున్నాడు?”

“సున్నం. తమలపాకులకు పూసుకునే సున్నం.”

“అయ్యో అన్నా. ఇంకేమన్నా ఉందా. అందులో మట్టి, బొగ్గు, నానా చెత్త ఉంటుంది. ఈ కోరల్స్ ఎంత సున్నితం. తాతా, నువ్వు చదువుకోలేదని అన్నకు తెలుసు, నాకూ తెలుసు. అయినా తెలీని పని ఎందుకు చేస్తావు?”

“తెలీదనుకోలే సారూ.”

“జర్మనీలో ల్యాబులో చేస్తారు అది. తెల్లకోటు వేసుకొని, చేతులకు గ్లౌజులు వేసుకొని. ప్రతి డబ్బాకు పరీక్ష ఉంటుంది. దానికీ మీ బట్టీకీ పోలికా?”

“పోలిక చూడల్ల మరి. ఇదో పొట్లం.”

“చూసేదేముంది. అన్నా, మిషను పెట్టేద్దాం. స్క్రూలు నాలుగు చాలు. మధ్యాహ్నానికి అయిపోతుంది.”

“పెట్టు పరమేషూ. ఏసేపూ, ఏమనుకోవద్దు. రెండేండ్లు బాగా చూసుకుంటివి. ఈ నెలాఖరు దాక రా, తొట్టి అద్దాలు తుడుద్దువు. ఉండండి, ఫోనొస్తాండాది. లారీ కాడ లోడింగు ఆపినారంట, మాట్లాడొస్తా. హలో, ఆ, చెప్పప్పా, ఎందుకు ఆపిరి?”

రెడ్డి ఫోను పట్టుకొని వరండాలోకి పోయాడు.

“సారూ, పొట్లం చూడు ఒకసారి.”

“ఎందుకు తాతా. జరగండి, గోడకు కొలత పెట్టుకోవాలి.”

“వేళ్ళ నడుమ నలిపి చూడు. అయినాక డబ్బాలోది నలుపు. రాయి ఒకటే.”

“ఏం రాయి?”

“ఒకటి బతికుండాది, ఇంగోటి చచ్చింది. అంతే తేడా. డబ్బాలో చూడు, నల్ల నలుసులుండాయి. బొగ్గు. జర్మనీలో కూడా ఓబుళేశు మాదిరి తుమ్మబొగ్గు వేసి కాలుస్తారేమో, నాకు తెల్దు.”

“ఓబుళేశు ఎవరు?”

“తెల్దా?”

“తెలీదు.”

“పోయిన మంగళారం ఆయన బట్టీ కాడ నీ కారుండె.”

“నాది కాదు. తెల్ల కార్లు సవాలక్ష ఉంటాయి.”

“తెల్లదని నేను చెప్పలే.”

“తాతా.”

“వెనక అద్దం మీద పరమేష్ అక్వేరియం అని రాసుండె.”

“నువ్వు చదివినావా?”

“మూడో తరగతి దాకా పోయినా. కారు మీద పేరుకు అది చాలు.”

“మెల్లగా మాట్లాడు. అన్న వింటాడు.”

“రెడ్డి లారీ గొడవలో ఉండాడు. ఇప్పుడు పిడుగు పడినా వినపడదు.”

“చూడు, మొదట నిజంగానే జర్మనీది తెప్పించినాను. తర్వాత రావడం ఆలస్యమైంది. మనది కూడా అదే కదా అని... పనికొస్తుంది కదా అది? తొట్లు బాగానే ఉన్నాయి కదా అందరివీ?”

“బాగానే ఉంటాయి. మంచి సున్నం అది. నేను చెడ్డదనలే. మూత తీసి పెడితే చస్తాదంటి.”

“మరింకేం.”

“జర్మనీ అనేది ఎందుకు మరి?”

“బేతంచెర్ల సున్నం అంటే నీ రెడ్డి కొంటాడా? చెప్పు. కొంటాడా?”

“కొనడు.”

“అంతే కదా. ఆయన రాళ్ళమ్ముకునే మనిషి. ఇంటి పక్కది తెచ్చి ఇస్తే మొహం మీద కొడతాడు.”

“ఇంటి పక్కది కూడా కాదు. ఆయనదే.”

“ఏంది ఆయనది?”

“రాయి. రెడ్డి ఫ్యాక్టరీలో బండలు కోసినాక మిగిలే ముక్కలు వెనక కుప్ప పోస్తారు. ట్రాక్టరోళ్ళు ఊరికే ఎత్తుకపోయి బట్టీలో వేస్తారు. నీ డబ్బాలోది ఆ ముక్కలే.”

“అన్నకు తెలుసా?”

“ముక్కలు పోయేది తెలుసు. యాడ తిరిగి యాడికొచ్చేది తెల్దు.”

“నువ్వు చెప్తావా?”

“అడిగితే చెప్తా.”

“అడగకుంటే?”

“అడగకుంటే ఎందుకు చెప్తా.”

“నీకేం కావాలి తాతా? సూటిగా చెప్పు.”

“మిషను వద్దు.”

“అంతేనా?”

“అంతే. నాకీ నీడ కావల్ల. బట్టీకి పోలేను.”

“సరే. మిషను వెనక్కి తీసుకుపోతాను. నువ్వు మాత్రం ఓబుళేశు పేరు ఎత్తొద్దు. బట్టీ కాడ నా కారు చూసినట్టు కూడా చెప్పొద్దు.”

“ఎత్తను. చెప్పను.”

“ఒట్టు వెయ్యి.”

“మేము ఒట్లు పెట్టము సారూ. బైబిలు వాక్యంలో వద్దని ఉండాది. ఎత్తనంటే ఎత్తను.”

“వస్తున్నాడు. నువ్వు అద్దం తుడుస్తా ఉండు.”

రెడ్డి ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు.

“ఏం పరమేషూ, ఇంగా పెట్టె విప్పనే లేదా?”

“అన్నా, బాగా ఆలోచించినాను. మిషను మనకు పడదు.”

“ఎందుకు?”

“సున్నం... అంటే కాల్క్ కలిపిన నీళ్ళకు పైపులు మూసుకుపోతాయి. సన్న పైపులు కదా. క్షారం రేపు ఎక్కువైనా తక్కువైనా మిషనుకు తెలీదు. చెయ్యి అయితే తెలుస్తుంది.”

“రెండేండ్లుగా మిషను మిషను అని నా చెవులు తినింది నువ్వే గదప్పా.”

“అనినాను. తాతతో మాట్లాడినాక తెలిసింది. ఇట్లాంటి చెయ్యి దొరకదు అన్నా. గీసిన చెంచాతో వేస్తాడంట. కర్నూల్లో నా దగ్గర కొన్నవాళ్ళు ఎవరూ గీయరు.”

“ఇంతకు ముందు చదువుకోలేదంటివి.”

“చదువు వేరు, చెయ్యి వేరు.”

“సరే, మిషను వద్దంటే వద్దు. ఈ నంబరు దిగేదెట్ల?”

“నాలుగైదు రోజులు...”

“ఊరికే ఫిల్టరు నీళ్ళు పోస్తే చాలు రెడ్డీ. ఏమీ కలపొద్దు. పగడాలు ఉండే సున్నం తింటా తింటా నంబరు దించుకుంటాయి. ఎనిమిదికి వచ్చినాక ఒక్క చెంచా.”

“నేను పరమేషును అడిగితి.”

“తాత చెప్పింది కరెక్టే అన్నా. నేను చెప్పబోయేది అదే.”

“ఆ కొనలు తెల్లబడినది బతుకుతాదా?”

“మొదలు పచ్చిగా ఉంది కదా అన్నా. బతుకుతుంది.”

“బతకల్ల. ఏసేపూ, విన్యావు గదా. పరమేష్ మంచోడు కాబట్టి నీ పని నిలబడింది. ఇంగో మనిషైతే మిషను నా నెత్తిన పెట్టి పోతాండె. ఉండు నువ్వే. రేపు కూడా ఎప్పటిమాదిరి రా.”

“వస్తా.”

“ఆ పొట్లం తీసుకపోయి మీ ఇంట్లో పెట్టుకో. నా గడప లోపల బట్టీ సున్నం కనపడకూడదు. పరమేషూ, కొత్త డబ్బా తెచ్చినావా?”

“తెచ్చినాను అన్నా, సంచీలో ఉంది. ఇప్పుడే తీయాల్సిన పనిలేదు, ఎనిమిదికి దిగినాక...”

“ఇట్ల తే చూస్తా. మూత భలే బిగుతుగుండాదే. ఆ, వచ్చె. చూడు ఏసేపూ, ఇట్ల రా. పాలపిండి మాదిరి లేదూ?”

“ఉండాది.”

“నీ పొట్లం విప్పి పక్కన పెట్టు. చూడు, నీది రవ్వరవ్వగా ఉండాది. ఇది చూడు, వేలు పెడితే వేలి గీతల్లోకి పోతాంది. అదీ పనితనమంటే. ఊరికే రాదు పేరు.”

“అన్నా, నాకు నంద్యాలలో పనుంది, బయల్దేరుతాను.”

“కూర్చో పరమేషూ, కాఫీ తాగి పోదువు. బేతంచెర్లలో పుట్టి, రాళ్ళల్లో పెరిగి, రాళ్ళమ్మి బతికేటోళ్ళం మనం. ఇంత సన్నంగా ఒక్కడన్నా చేస్తాడా? చేతకాదు మనోళ్ళకు.”

“చేతనైతాది రెడ్డీ.”

“తాతా, అద్దం అటుపక్క మరక ఉంది చూడు.”

“ఉండు పరమేషూ, చెప్పనీ. ఎట్ల చేతనైతాది? ఏం మిషనుండాది మనకాడ?”

“మిషను కాదు. పాత పంచె. నాలుగు మడతలు వేసి రెండు తూర్లు జల్లించల్ల. నా పొట్లంలోది ఒక తూరి జల్లించింది. తొందరపడి తెచ్చినా.”

“పంచెతో జల్లిస్తే ఇట్లొస్తాదా? ఊరికే చెప్తాండావు.”

“ఊరికే ఎందుకు చెప్తా.”

“అన్నా, పెద్దాయన ఏదో మాట వరసకు...”

“మాట వరసకు మాట్లాడే మనిషి కాదప్పా ఈయన. రెండేండ్లలో నాలుగు మాటలు మాట్లాడినాడు. ఏసేపూ, ఇటు చూడు. పరమేషును ఎందుకు చూస్తాండావు?”

“పేరు ఎత్తలే సారూ నేను.”

“ఎవరి పేరు?”

“ఎత్తనంటి. ఎత్తను.”

“సరే, పేరొద్దు. నేనడిగేది ఒకటే. ఈ డబ్బాలోది పంచెతో రెండు తూర్లు జల్లించినారని నీకెట్ల తెలుసు?”

“పంచె నాదే గదా రెడ్డీ. జల్లించేది మా ఆడామె.”